మంజుల చేసిన స్టార్టర్ డబ్బా

కొత్తగా ఇంజనీరింగ్ కాలేజీల్లో పాఠాలు చెప్పబోతున్న వాళ్లకు ఒక మాట చెప్పి మొదలుపెడతాను. చేరేటప్పుడు జీతం ఎంత, సెలవులెన్ని అని అడగండి, తప్పులేదు. దాంతోపాటు వర్క్‌షాపు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో కూడా అడగండి. ఆ ఒక్క జవాబుతో ఆ కాలేజీ సంగతి సగం తెలిసిపోతుంది.

నేను భువనగిరి గుట్ట కనిపించేంత దూరంలో ఉన్న ఒక ప్రైవేటు కాలేజీలో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మా దగ్గర తాళంచెవి సెక్రటరీ గారి టేబుల్ సొరుగులో ఉండేది. సెక్రటరీ అంటే కాలేజీ యజమానే. యజమాని అంటే రైస్ మిల్లులా వినిపిస్తుందని ప్రైవేటు కాలేజీల్లో ఆ పేరు పెట్టుకుంటారు.

నాకు ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయి, ఏ కమిటీల్లో ఉన్నాను అన్నది ఇక్కడ రాయను. అవి ఎవరికీ పనికిరావు. కడుపు మండిన సంగతులు రాస్తాను.

దసరాకు బొట్టు, మిగతా ఏడాదంతా తాళం

ఆ తాళం ఏడాదికి రెండుసార్లు తెరిచేవారు. ఒకటి ఆయుధపూజకు, ఇంకొకటి ఇన్‌స్పెక్షన్‌కు. దసరాకు లేత్ మిషన్లకు పసుపు పూసి, బొట్లు పెట్టి, నిమ్మకాయలు కోసి, గుమ్మడికాయ కొట్టేవారు. నేను చర్చికి పోయే ఇంట్లో పుట్టినదాన్ని. అయినా ఆ పూజంటే నాకు గౌరవమే. పనిచేసే చెయ్యి పనిముట్టుకు దండం పెట్టుకోవడంలో అర్థముంది. కానీ ఏడాదంతా ముట్టని మిషనుకు దండం పెట్టడం ఏం భక్తి? కిందటి దసరా బొట్టు చెక్కు చెదరకుండా అట్లాగే ఉండేది. దాని మీదే కొత్త బొట్టు పెట్టేవారు.

పిల్లల్ని లోపలికి పంపమని నేను అడగని సంవత్సరం లేదు. సెక్రటరీ గారిది ఎప్పుడూ ఒకటే జవాబు.

"మేడం, పిల్లలు ముట్టుకుంటే మిషన్లు ఖరాబైతయి. రేపు ఇన్‌స్పెక్షనోళ్లు వస్తే ఏం చూపిస్తం?"

ఒకసారి ఎండాకాలంలో హాస్టల్ బోరు మోటరు కాలిపోయింది. స్నానాలకు నీళ్లు లేవు. ఎలక్ట్రికల్ చదివే పిల్లలు క్లాసుల నిండా ఉన్నారు. మోటరు పైకి తీయించి మా ల్యాబ్‌లో పెట్టించండి, విప్పి చూస్తారు, వైండింగ్ ఎట్లా కాలిందో కళ్లారా చూస్తే పుస్తకంలో పది పాఠాలకు సమానం అన్నాను. ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

"బీటెక్ పిల్లలతోని మోటరు ఇప్పిస్తరా? రేపు తల్లిదండ్రులు వచ్చి, మా పిలగాణ్ని మెకానిక్ చేస్తున్నరా అని నన్ను గల్లా పట్టుకుంటరు."

మోటరు ట్రాలీ ఆటోలో భువనగిరికి పోయింది, బాగై వచ్చింది. పిల్లలు అదే రోజు క్లాసులో ఇండక్షన్ మోటరు బొమ్మ వేసుకుంటూ కూర్చున్నారు.

ఆయన చెప్పింది అబద్ధం కాదు, అదే నా బాధ. తల్లిదండ్రులు నిజంగానే అట్లా అడిగేవారు. చేతికి గ్రీజు అంటకుండా బతకడానికే ఇంజనీరింగ్ అనుకునే వాళ్లు మనలో ఎక్కువ. ఈ ఆలోచన ఏ సిలబస్‌లోనూ లేదు. చేత్తో పనిచేసేవాణ్ని వాకిట్లో నిలబెట్టి, నీడలో కూర్చున్నవాడికి కుర్చీ వేసిన ఊళ్లలోంచి వచ్చింది. మా నాయిన హుజూర్‌నగర్ దగ్గర కాలువ గట్ల మీద కూలి చేసి నన్ను చదివించాడు. కూలివాళ్ల బిడ్డను ఇంజనీరింగ్ టీచర్ని చేసిన చదువే, పిల్లల చేతులను పని దగ్గరికి పోనీయకపోతే నాకు కోపం రాదా?

రెడీమేడ్ ప్రాజెక్టు

ఆఖరి సంవత్సరంలో ప్రతి విద్యార్థీ ఒక ప్రాజెక్టు చేయాలి. నలుగురైదుగురు కలిసి ఒక వస్తువు చేసి, రిపోర్టు రాసి, బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ ముందు పెట్టాలి. చేయాలి అని నియమం. జరిగేది కొనడం. నగరంలో దానికి దుకాణాలే ఉన్నాయి. డబ్బిస్తే వస్తువు, రిపోర్టు, ఎగ్జామినర్ అడగబోయే ప్రశ్నలకు జవాబులు, అన్నీ కలిపి ఒక అట్టపెట్టెలో పెట్టి ఇస్తారు. పెళ్లికి కేటరింగ్ చెప్పినంత సులువు.

అందులో అందరికీ ఇష్టమైనది ఒకటుండేది. థర్మకోల్ మీద రోడ్లు, ప్లాస్టిక్ చెట్లు, చిన్న చిన్న వీధి దీపాలు. మనిషి బొమ్మ కదిలితే దీపం వెలుగుతుంది. దాని పేరు స్మార్ట్ సిటీ. అదే స్మార్ట్ సిటీ మా డిపార్ట్‌మెంటుకు ఎన్నిసార్లు వచ్చిందో! ఒక ఏడాది చెట్లు మారేవి, ఇంకో ఏడాది అట్టపెట్టె మారేది.

పిల్లల్ని తిట్టి లాభం లేదు. వర్క్‌షాపుకు తాళం వేసి ప్రాజెక్టు చేయమంటే వాళ్లెక్కడ చేస్తారు? దుకాణంవాణ్ని తిట్టి కూడా లాభం లేదు. నేను తిట్టేది మమ్మల్నే, టీచర్లను. మాకు అన్నీ తెలుసు. తెలిసి సంతకాలు పెట్టేవాళ్లం.

కొననన్న అమ్మాయి

మంజులది కోస్గి దగ్గర ఒక ఊరు. గొర్లకాపరుల ఇల్లు. నాయిన ఎల్లయ్యకు గొర్ల మంద, బోరు కింద కొంచెం వరి. ఆ అమ్మాయి మాట తక్కువ, ప్రశ్నలు ఎక్కువ. హాస్టల్లో ఫ్యాన్ ఆగిపోతే వార్డెన్ ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేసేలోపు కెపాసిటర్ మార్చేసేది. అందుకు రెండుసార్లు ఫైన్ వేశారు కూడా.

ప్రాజెక్టు విషయం వచ్చినప్పుడు నా దగ్గరికొచ్చి తన ఊరి సంగతి చెప్పింది.

"మా కాడ ఒక్క ట్రాన్స్‌ఫారం కింద శానా మోటార్లున్నయి మేడం. కరెంటు పోయి వచ్చిందంటే అన్నీ ఒక్కసారే లేస్తయి. గంతే, ట్రాన్స్‌ఫారం ఢాం అంటది. దాన్ని ట్రాక్టర్ మీద ఏసుకొని పోయి బాగుచేపిచ్చుకొని వచ్చేదాంక వరి ఎండుతది."

తెలియనివాళ్ల కోసం చెబుతాను. వెనకటి రోజుల్లో పొలాలకు కరెంటు ఏ అపరాత్రో వచ్చేది. చీకట్లో గట్ల వెంట పోయి పాముకాటుకు, షాకుకు చచ్చిన రైతులు తక్కువేం కాదు. అందుకని కరెంటు రాగానే మోటరు దానంతటదే నడిచేలా ఆటో స్టార్టర్లు బిగించుకున్నారు. తెలంగాణ రాష్ట్రం వచ్చాక కరెంటు పగలూ రాత్రీ ఉంటున్నా ఆ అలవాటు పోలేదు. మోటరు లేచే క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. అన్నీ కలిసి లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ ఏం తట్టుకుంటుంది?

మంజుల ఆలోచన తేలికైనదే. ఒక్కో స్టార్టర్‌కు ఒక టైమర్ డబ్బా. కరెంటు వచ్చాక ఒక మోటరు వెంటనే లేస్తుంది, ఇంకొకటి కాసేపాగి, మరొకటి ఇంకాసేపాగి. ఎన్ని నిమిషాలు ఆగాలో రైతే పెట్టుకునేలా డబ్బా ముందర ఒక నాబ్, దాని చుట్టూ సున్నా నుంచి అంకెలు. చూడ్డానికి ముచ్చటగా ఉండేది.

వర్క్‌షాపు తాళం తెరవలేదు కాబట్టి మా ఇంటి వరండాలో చేసింది. కలిసి చేయాల్సిన మిగతా ముగ్గురూ రెండు రోజులు వచ్చి, సోల్డరింగ్ పొగకు దగ్గి, థర్మకోల్ బ్యాచ్‌లో కలిసిపోయారు. మంజుల ఒక్కతే పాత స్టార్టర్ల రేకు డబ్బాలు తెచ్చి, గీకి, రంగేసి, మూత మీద మా కాలేజీ పేరు కూడా తెల్ల పెయింటుతో రాసింది. ఆ పేరు చూస్తే నాకు నవ్వొచ్చింది. వర్క్‌షాపులోకి రానివ్వని కాలేజీ పేరును ఎంత శ్రద్ధగా రాసిందో!

మొదటి రివ్యూకు నాబ్ బొమ్మతో సహా రిపోర్టు ఇచ్చింది. సంక్రాంతి దాటాక యాసంగి వరికి నీళ్లు పెట్టే రోజుల్లో, ఊళ్లో ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నిటికీ డబ్బాలు బిగించి వచ్చింది.

కొద్దిరోజులకే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది.

అందరి నాబూ సున్నా మీదే

ఊరివాళ్లు ఊరుకోలేదు. డబ్బా మీద పేరు చూసి కాలేజీకి ఫోన్ చేసి తిట్టారు. సెక్రటరీ గారు మా ఇద్దర్నీ గదిలోకి పిలిచాడు.

"మన పేరు ఎవరు రాయమన్నరు? ఊర్లపొంటి తిరుగుడు ప్రాజెక్టా? ఇంకో బ్యాచ్‌ల పేరు రాయించుకో, రెడీమేడ్‌ది తెచ్చుకో. లేకుంటే ప్రాజెక్టు లేదని రాస్త, ఏడాది పోతది."

మంజుల మొహం పాలిపోయింది. ఆ ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి ఆమె. ఏడాది పోతే మళ్లీ పంపుతారన్న నమ్మకం ఆమెకే లేదు. అయినా తలెత్తి అంది.

"కొనను సార్. తప్పు ఏడుందో చూసొస్త."

నేనూ వెంట పోయాను. నగరం దాటి, బస్సులు మారి కోస్గి, అక్కణ్నించి ఆటో. పొలాల దగ్గర ఎల్లయ్య గొంగడి భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. బిడ్డ చేతిలోని సంచి అందుకున్నాడు. అనాల్సిందంతా చుట్టూ ఉన్నవాళ్లే అంటున్నారు. అందరికంటే గట్టిగా అరిచింది పక్క పొలం నర్సింలు. అరిచే హక్కు అతనికి ఉంది. మడి నెర్రెలిచ్చి ఉంది, వరి పసుపు పచ్చబడింది.

"ఎల్లయ్యా, నీ బిడ్డ సదువుకు నా పొలమే దొరికిందా? వెనకట గూడ కాలేది గని, గింత జల్ది కాలలే!"

మంజుల ఒక్కో డబ్బా దగ్గరికి నడిచింది. నేను వెనకాలే. మొదటి డబ్బా నాబ్ సున్నా మీద ఉంది. రెండోది సున్నా. గట్టు దాటి పోయాం, అక్కడా సున్నా. తాను నేర్పి, ఒక్కో రైతుకు ఒక్కో అంకె పెట్టి వచ్చిన నాబులన్నీ సున్నా మీదే ఉన్నాయి.

"ఎవరు తిప్పిండ్రే?" అని అడిగింది.

ఎవరూ తిప్పలేదట. ఒకాయన గాలికి తిరిగిందేమో అన్నాడు. ఇంకొకాయన కోతులు అన్నాడు. ఒక పెద్దమనిషి, మొన్న మబ్బు పట్టింది గదా అన్నాడు. మబ్బుకూ నాబుకూ సంబంధమేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. చివరికి నర్సింలే ఒప్పుకున్నాడు.

"నేనే తిప్పిన. తిప్పక? పక్కోడు సున్నా మీద పెట్టిండని తెల్సినంక నేనెట్ల ఆగుత మేడం? నేను ఆగితే వాని బోరు నా బోరుల నీళ్లు గుంజుకోదా? మా కాడ ముందుగాల లేసిన మోటరుకే నీళ్లు."

అంతే. ఆ రాతి నేలలో బోరు బోరుకూ మధ్య జాగా లేదు. కింద నీళ్లు కొంచెం, పైన ఆశ ఎక్కువ. ముందు లేచినవాడే బతుకుతాడన్నది వాళ్లు ఎండిన బోర్ల దగ్గర నేర్చుకున్న పాఠం. ఎవరికి వారు రహస్యంగా సున్నాకు తిప్పుకున్నారు. వెనకటి ఆటో స్టార్టర్లలో ఒకటి అటూ ఒకటి ఇటూ కాస్త తేడాతో లేచేవి. మంజుల డబ్బాలు మంచివి. సున్నా అంటే కచ్చితంగా సున్నాకే లేచాయి.

మంజుల గట్టు మీద కూర్చుని, ఒక డబ్బా మూత విప్పి చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. లేచి, అందరి ముందూ అంది.

"తప్పు మీది గాదు. నాబ్ పెట్టిన చూడు, గది నాది. నీళ్ల కాడ ఎవలన్న ఆగుతరా? ఆగుతరనుకున్న. ఇగ నాబ్ ఉండది. టైము లోపల పెట్టి మూత బిగిస్త. ఎవలు ముందు, ఎవలు ఎనక అనేది అందరం కూసొని చీటీలు తీద్దం. ఈ పంటకు ముందున్నోళ్లు వచ్చే పంటకు ఎనక."

చీటీలు ఎవరు తీయాలి అన్నదానికి ఇంకో పెద్ద పంచాయితీ అయింది. ఆఖరికి అందరికంటే ఎక్కువ నష్టపోయినవాడని నర్సింలుతోనే తీయించారు. అతనికే చివరి వంతు వచ్చింది. అందరూ నవ్వారు. అతను నవ్వలేదు, కానీ ఒప్పుకున్నాడు.

ట్రాన్స్‌ఫార్మర్ బాగై వచ్చాక మళ్లీ పోయాం. లైన్‌మన్ కరెంటు ఆపి మళ్లీ ఇచ్చాడు. ఒక మోటరు లేచింది. కాసేపు అదొక్కటే. తర్వాత గట్టు అవతల ఇంకొకటి, తర్వాత తుమ్మచెట్ల వెనక మరొకటి. ఒక్కో పైపులో నీళ్లు పడుతుంటే జనం ఎవరి వంతు వచ్చిందో వేలు పెట్టి చూపించుకున్నారు. చివరికి నర్సింలు పైపు దగ్గి, గాలి వదిలి, నీళ్లు పోసింది. ఎల్లయ్య గొంగడి అంచుతో కళ్లు తుడుచుకుని, దుమ్ము పడ్డదన్నాడు. నా ఉద్యోగమంతటిలో నేను చూసిన మంచి ల్యాబ్ అదే.

"నాబ్ లేదేంటి?"

వైవా రోజు బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ మొదట థర్మకోల్ నగరం చూశాడు. దీపాలు వెలిగాయి. బాగుంది అన్నాడు. రిపోర్టు అట్ట మీద బంగారు అక్షరాలు చూసి ఇంకా బాగుంది అన్నాడు. ఏడాదంతా సోల్డరింగ్ ఐరన్ పట్టని పిల్లలు దుకాణం ఇచ్చిన జవాబులు గడగడా అప్పజెప్పారు.

మంజుల తన రేకు డబ్బా బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"టైమర్ బజార్లో దొరుకుతుంది కదమ్మా. ఇందులో కొత్తదేముంది? పైగా ముందు ఒక నాబైనా లేదేంటి? వాడేవాళ్లు టైమ్ మార్చుకోవద్దా?"

మంజుల ఊళ్లో జరిగిందంతా చెప్పింది. నాబు ఎందుకు పెట్టిందో, ఎందుకు తీసేసిందో, చీటీల సంగతి, వంతుల సంగతి. చక్కగా చెప్పింది. ఆయన విని, వాచీ చూసుకున్నాడు.

"అవన్నీ మనుషుల గొడవలు. ఇంజనీరింగ్ కిందికి రావు."

మనుషుల గొడవలు ఇంజనీరింగ్ కిందికి రాకపోతే మరి ఏం వస్తాయి? మనుషుల కోసం కాకపోతే మోటార్లు ఎందుకు, ట్రాన్స్‌ఫార్మర్లు ఎందుకు? ఒక పిల్ల తప్పు చేసి, పొలాల్లో నిలబడి తిట్లు తిని, ఆ తప్పును చేత్తో విప్పి తీసేస్తే, ఈయన దాన్ని మళ్లీ బిగించమంటున్నాడు!

ఆయన ఫెయిల్ రాయబోయాడు. లోపలి ఎగ్జామినర్‌గా నా సంతకం లేకుండా మార్కుల షీటు పోదు.

"మంజులను ఫెయిల్ చేస్తే సంతకం పెట్టను. ఏ అట్టపెట్టె ఏ దుకాణం నుంచి వచ్చిందో యూనివర్సిటీకి పోయి చెబుతాను" అన్నాను.

సెక్రటరీ గారు పరుగెత్తుకుంటూ వచ్చాడు. "మేడం, జర ఆగుండ్రి, పరువు పోతది," అని బతిమాలాడు. చివరికి మంజులకు పాసు మార్కులు పడ్డాయి, వాటికి ఒక్కటి కూడా ఎక్కువ లేదు. ఉత్తమ ప్రాజెక్టు బహుమతి థర్మకోల్ నగరానికి పోయింది. మరుసటి ఏడు కాలేజీ బ్రోచర్‌లో మంజుల ఊరి పొలం ఫొటో వేసి, కింద గ్రామసేవ అని రాసుకున్నారు.

మంజుల ఇప్పుడు కోస్గిలో మోటార్ల వైండింగ్ షాపు నడుపుతోంది. ఇంజనీరింగ్ చదివి మోటార్లు చుట్టుడేంది అని చుట్టాలు ఎగతాళి చేస్తారట. చేయనీయండి. ఆ చుట్టాల మోటార్లు కూడా అక్కడికే వస్తున్నాయి.

ఆఖరి వైవా

నేను రిటైరైన ఏడాది, నా చివరి వైవాకు నలుగురు పిల్లలు ఒక అట్టపెట్టె తెచ్చారు. థర్మకోల్ కాదు. వ్యవసాయ మోటార్లు ఒకదాని తర్వాత ఒకటి లేవడానికి డబ్బా అన్నారు. నేను కుర్చీ ముందుకు జరుపుకున్నాను.

బయటికి తీశారు. నున్నటి ప్లాస్టిక్ డబ్బా, మీద దుకాణం స్టిక్కరు. ముందర నాబ్. దాని చుట్టూ సున్నా నుంచి అంకెలు. మంజుల మొదటి రివ్యూకు గీసిన బొమ్మ, గీతకు గీత అదే. కాలేజీలోంచి ఆ బొమ్మ దుకాణానికి ఎట్లా చేరిందో నాకు తెలుసు, ఇక్కడ రాయను. నా ఒళ్లు మండింది అందుకు కాదు. దొంగిలించినవాడు కూడా తప్పునే దొంగిలించాడు. ఒక ఊరి ట్రాన్స్‌ఫార్మర్‌ను కాల్చిన తప్పు కొత్త డబ్బాలో కూర్చుని, బహుమతి కోసం మా బల్ల మీదికి వచ్చింది.

"ఈ నాబ్ ఎందుకు?" అని అడిగాను.

"డబ్బాతోనే వచ్చింది మేడం," అన్నాడు ఒకడు.

నా సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీసి అతని ముందు పెట్టాను. విప్పి, ఆ నాబు తీసెయ్, తర్వాత ఎందుకు తీశామో మాట్లాడుకుందాం అన్నాను. వాడు స్క్రూడ్రైవర్ వైపు చూశాడు కానీ ముట్టలేదు. చేతులు వెనక్కి పెట్టుకుని, చాలా మర్యాదగా అన్నాడు.

"ఇప్పితే వారంటీ పోతదంట మేడం."

"పోతే పోనియ్ బిడ్డా," అన్నాను. "విప్పు."